ముంగురులు కత్తిరిస్తే ముచ్చటే... మరి మిరప కోతలప్పుడో?

“అమ్మా, ముందు జుట్టు కట్ చేయించుకోనా?” కాలేజీకెళ్ళే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడకుండా ఉండదు. వెంటనే మంచం మీద నుంచి నాయనమ్మ అందుకుంటుంది: “నొసలు కప్పుకుంటే లక్ష్మీదేవి ఎట్టా వచ్చిద్దే?” తమ్ముడు “డిప్ప కటింగ్! డిప్ప కటింగ్!” అని ఎగతాళి. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుంటారు. మధ్యలో నలిగేది అమ్మ. ఈ నాలుగు మాటలూ ఆ అమ్మకీ, ఆ అమ్మాయికీ కలిపి రాస్తున్నాను. అన్నట్టు, ఆ సరదా అమ్మకి ఉండకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు సుమండీ!

పార్లర్లలో దీన్ని ఫ్లిక్స్ అంటారు, ఫ్రింజ్ అంటారు. ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూసి బ్యాంగ్స్ అంటున్నారు. మన అమ్మల కాలంలో అయితే ఒకటే పేరు, సాధనా కట్. 1960లో “లవ్ ఇన్ సిమ్లా” అనే హిందీ సినిమా వచ్చింది. అందులో సాధన కథానాయిక. ఆమె నుదురు కాస్త విశాలంగా ఉంటుందని దర్శకుడు ఆర్.కె. నయ్యర్‌కి అనిపించింది. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ నుదుటి మీద పడే పొట్టి జుట్టు గుర్తొచ్చి, సాధనకీ అలాగే కత్తిరించమన్నారు. లోపం కప్పడానికి చేసిన పని కాస్తా దేశమంతా ఫ్యాషనై కూర్చుంది. సాధన 2015లో కన్నుమూశారు గానీ ఆ కట్‌కి ఆమె పేరు ఇంకా పోలేదు.

అయితే ఆమె ముంగురులు చూసుకోవడానికి పక్కనే దువ్వెన పట్టుకుని ఒక మనిషి ఉండేది. మనకి ఉండేది పొయ్యి, బోరు నీళ్ళు, రోహిణి కార్తె, మిరప కల్లం. కాబట్టి గుండ్రని ముఖానికి ఇలా, కోల ముఖానికి అలా అని పార్లర్ గోడ మీద అంటించే బొమ్మల్ని చూసి నిర్ణయించుకోకండి. ముఖం కంటే ముందు మీ పనీ, మీ నీళ్ళూ, మీ జుట్టూ చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు, ఎందుకు కావాలనిపిస్తోందో మిమ్మల్ని మీరు అడగండి. సరదాకి అంటారా, బాగుంది. చిన్నప్పటి నుంచీ నుదురు పెద్దది, అది కాస్త తక్కువగా కనపడాలంటారా, అదీ మంచిదే, దానికి ఈ కట్ బాగా పనిచేస్తుంది. కానీ “ఈ మధ్య రెండు మూడేళ్ళ నుంచి నుదురు పెద్దదవుతోంది, పాపిట వెడల్పవుతోంది, కప్పేద్దాం” అనుకుంటుంటే మాత్రం కత్తెర కింద పెట్టండి.

మనవాళ్ళకి జడ బిగించి వేస్తే గాని వేసినట్టుండదు. తలంటుకున్న తడి ఆరకముందే గట్టిగా లాగి జడ, దానికి సవరం, పైన నాలుగు మూరల కనకాంబరాలు. ఆ బరువంతా మోసేది ముందున్న సన్నటి వెంట్రుకలే. ఏళ్ళ తరబడి అలా లాగితే నుదుటి పైనా కణతల దగ్గరా జుట్టు వెనక్కి జరిగిపోతుంది. రాత్రి జడ విప్పగానే మాడు నొప్పిగా “హమ్మయ్య” అనిపించడం, కణతల దగ్గర తెగిన పొట్టి వెంట్రుకలు, కుదుళ్ళలో చిన్న చిన్న పొక్కులు, ఇవీ గుర్తులు. తొందరగా కనిపెట్టి జడ వదులు చేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది. ఏళ్ళు గడిస్తే కుదురే చచ్చిపోయి ఇక రాదు. ఇలాంటప్పుడు ముంగురులు కత్తిరిస్తే ఏమవుతుందంటే, ముందు జుట్టు చాలక నడినెత్తి నుంచి ఇంకాస్త ముందుకి లాగాల్సి వస్తుంది. పైకి కనపడదు కాబట్టి బిగుతు జడ అలాగే సాగుతుంది, రోగం లోపల పెరుగుతుంది. ముందు జడ వదులు చేయండి, సవరం మానండి, చర్మవ్యాధుల డాక్టరుకి ఒకసారి చూపించండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు రాలుతుంది. అది పరీక్షలో తెలుస్తుంది.

బాలింతల సంగతి వేరు. కాన్పయిన మూడు నాలుగు నెలలకి దువ్వెన నిండా జుట్టు వస్తుంటే గాభరా పడతారు. చాలామందికి అది దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేస్తాయి చూడండి, వాటిలో కలిసిపోయేట్టు కాస్త ముంగురులు తీయించుకుంటే అందంగానే ఉంటుంది.

ఇక మన ప్రాంతం సంగతి. సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప తప్ప ఇంకో మాట ఉండదు. కోతలు, కల్లాల్లో ఆరబోత, తాలుకాయ ఏరడం, తొడిమలు తీయడం, అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తాయి. పొలం లేకపోయినా ఏడాదికి సరిపడా కారం ఆడించుకోవడం, ఎర్రగా పండుమిరపకాయ పచ్చడి పెట్టుకోవడం ఏ ఇంట్లో తప్పుతుంది? ఆ చేతులతో ఉన్నప్పుడు చెమటకి తడిసిన ముంగురులు కంటి మీద పడ్డాయనుకోండి. మనం ఆలోచించేలోపే చెయ్యి పైకి వెళుతుంది. కావాలని ఎవరూ తాకరు, అలవాటు కొద్దీ వెళ్ళిపోతుంది. తేజ రకం కాయ ముట్టుకున్న చెయ్యి కంటి దగ్గరికి వెళితే ఆ మంట నేను వర్ణించక్కర్లేదు, మీకే తెలుసు.

కారపు ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ముందు కాస్త వంటనూనె చేతులకి పూర్తిగా పులుముకుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. నూనె వైద్యం చేతులకే, కంటికి కాదు. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్ళతో పది పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండాలి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అలాగని పొలం పని చేసేవాళ్ళకి ముంగురులు వద్దనడం లేదు. కాస్త లెక్క వేసుకోమంటున్నాను. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. శ్రావణమాసంలో పండగలూ పేరంటాలూ ఉంటాయి కదా, అప్పుడు కత్తిరించుకోండి. దసరా వరకూ నెలకోసారి చివర్లు సరిచేసుకోండి. ఆ తర్వాత కత్తెర ముట్టకండి. సంక్రాంతి నాటికి కనుబొమల దగ్గరుండేది ముక్కు మధ్యదాకా దిగుతుంది. పక్కకి తిప్పి రెండు పిన్నులు పెట్టి పైన తువ్వాలు కట్టుకుంటే కోతల్లో ఒక్క వెంట్రుక కంటి మీదకి రాదు. ఈ మధ్యలో పత్తితీతలు వస్తాయి. నూనె రాసిన జుట్టుకి పత్తి నూగు అంటుకుని ఎంత దువ్వినా పోదు. ముందు జుట్టుకి నూనె రాయకుండా తువ్వాలు కట్టుకుని వెళ్ళి, ఇంటికొచ్చాక పొడిగా సన్నదువ్వెన ఒకసారి దువ్వితే చాలు.

ఎండాకాలంలో కొత్తగా కత్తిరించుకోవడం నాకైతే బొత్తిగా నచ్చదు. రెంటచింతల ఎండ గురించి వేరే చెప్పాలా! 45 డిగ్రీలు దాటిన రోజున నుదుటి మీద జుట్టు అంటే దుప్పటి కప్పుకున్నట్టే. చెమటకాయలు, మొటిమలు నుదుటి మీద బారులు తీరతాయి. అప్పటికే కత్తిరించుకుని ఉంటే ఇంట్లో ఉన్నంతసేపు క్లిప్పుతో పైకి పెట్టేయండి.

కత్తిరించే ముందు ఒక్క పరీక్ష చేయండి. జుట్టంతా నడినెత్తిన పోనీటెయిల్ కట్టి, దాని చివర్లని ముందుకి తెచ్చి నుదుటి మీద పరిచి పిన్నులు పెట్టండి. అద్దంలో చూసుకుని తీసేయడం కాదు, అలాగే అన్నం వార్చండి, అంట్లు తోమండి, పిల్లాడికి స్నానం చేయించండి. పూట గడిచేసరికి మీ ఓపిక ఎంతో మీకే తెలుస్తుంది. ఫ్యాన్సీ షాపుల్లో క్లిప్పుతో పెట్టుకునే ముంగురులు కూడా దొరుకుతున్నాయి. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాళ్ళకైతే ఈ పరీక్ష స్వామివారే పెడతారు. అయిదారు నెలలకి ముందు జుట్టు కనుబొమల దాకా వచ్చి కూర్చుంటుంది, నప్పిందో లేదో అప్పుడే తేలిపోతుంది.

నుదుటి దగ్గర సుడి ఉందేమో కూడా చూసుకోండి. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారు, ఆ మాట నేను నమ్మను గానీ, ముందు సుడి ఉంటే ముంగురులు రెండుగా చీలి నిలబడతాయన్నది మాత్రం ఖాయం. అలాంటివాళ్ళకి పక్కపాపిట తీసి ఏటవాలుగా పడేట్టు కత్తిరించడమే మేలు. ఉంగరాల జుట్టువాళ్ళు పార్లరమ్మాయితో గట్టిగా చెప్పండి: తడి మీద కొలత పెట్టొద్దని. తడిగా ఉన్నప్పుడు కనుబొమల దాకా ఉన్నది ఆరాక నుదుటి మధ్యకి ఎగిరి కూర్చుంటుంది. నలభై దాటినవాళ్ళకి నిండుగా అడ్డంగా తీసిన కట్ కంటే పక్కకి వాలే సన్నటి పాయే హుందాగా ఉంటుంది.

బొట్టు మాటకొస్తే, పెద్దవాళ్ళ అసలు బాధ అదే. నడిమిన పల్చగా, రెండు పక్కలా పొడవుగా తీయించుకుంటే కనుబొమల మధ్య బొట్టు చక్కగా కనపడుతుంది, పాపిట కుంకుమకీ అడ్డం ఉండదు. నాయనమ్మ సగం శాంతిస్తుంది.

మొదటిసారి పార్లర్‌లోనే చేయించుకోండి. తర్వాత చివర్లు మీరే సరిచేసుకోవచ్చు. కూరల కత్తెర పనికిరాదు, మొద్దు కత్తెర వెంట్రుకని నలిపి చీలుస్తుంది. జుట్టు పొడిగా ఉండాలి. ముందు పాయ తప్ప మిగతాదంతా వెనక్కి కట్టేయండి. వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, కత్తెర నిలువుగా పెట్టి, చివర్లలో కొద్దికొద్దిగా తీయండి. అడ్డంగా ఒక్కసారే కోస్తే తమ్ముడన్న డిప్ప కటింగే అవుతుంది. ఒక పక్క ఎక్కువైందని రెండో పక్క, అది ఎక్కువైందని మళ్ళీ ఇటు... కోతి రొట్టె పంచినట్టు కాకుండా చూసుకోండి.

ఇక రోజూ చూసుకునే పని. ముంగురులు నుదుటి చెమటని పీల్చుకుంటాయి కాబట్టి తక్కిన జుట్టు కంటే ముందు జిడ్డోడతాయి. అందుకని రోజూ తలంటుకోనక్కర్లేదు. తల వెనక్కి కట్టేసి, ఆ పాయ ఒక్కటే కుళాయి దగ్గర శనగగింజంత షాంపూతో రెండ్రోజులకోసారి కడిగితే సరి, అయిదు నిమిషాల పని. పల్నాడులోనూ, పశ్చిమ ప్రకాశంలోనూ బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్ళలో ఒంటిసబ్బు తలకి రుద్దితే తెల్లగా పాచిలా పట్టి జుట్టు పీచవుతుంది. షాంపూకీ కుంకుడుకాయకీ ఆ ఇబ్బంది లేదు. ఆఖరి చెంబు మాత్రం తాగే క్యాన్ నీళ్ళు గానీ పట్టి ఉంచిన వాన నీళ్ళు గానీ పోసుకుంటే ముంగురులు మెత్తగా పడతాయి. కుంకుడు రసం వాడేటప్పుడు తల వెనక్కి వంచాలి, ముందుకి వంచితే ముంగురుల మీదుగా రసం కళ్ళల్లోకే. నూనె కుదుళ్ళకి వెనక భాగంలో పెట్టుకోండి, నుదుటి మీద పడే పాయకి వద్దు. కడిగాక తువ్వాలుతో అద్ది, ఆరేదాకా వేళ్ళతో కుడికీ ఎడమకీ మార్చి మార్చి దువ్వితే చీలిక పడదు.

వంటింట్లోకి వెళ్ళేముందు క్లిప్పు. ఇది మాత్రం మర్చిపోకండి. పోపు వేస్తూ స్టవ్ మీదకి వంగినప్పుడు మంట ఎంత దూరంలో ఉంటుందో మనకి తెలియదు. పైగా కూరలో పొట్టి వెంట్రుక వస్తే ఎవరిదో అత్తగారు వెతకనక్కర్లేదు!

పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే తేదీలు చూసుకోవాలి. కల్యాణానికి నుదుట బాసికం కట్టాలి, పాపిటబిళ్ళ పెట్టాలి, నున్నగా దువ్వి పూలజడ వేయాలి. కనుబొమల దాకా ఉన్న జుట్టు చెవి వెనక్కి నిలవాలంటే తొమ్మిది పది నెలలు పడుతుంది. మాఘమాసంలో ముహూర్తం అనుకుంటే ఉగాది తర్వాత ముందు జుట్టు కత్తిరించకూడదు. పెళ్ళికూతురికి పొట్టి ముంగురులే ముద్దనుకుంటే అదీ తప్పు కాదు, బాసికం దారం కింద అవి నలిగి నిక్కకుండా పక్కకి తీసి కట్టమని ముందే అలంకరించే అమ్మాయికి చెప్పుకోవాలి.

పెంచుకునేటప్పుడు మూడో నెల నుంచి ఆరో నెల దాకా చిరాకు పుడుతుంది. కంట్లోకీ రాదు, జడలోకీ అందదు. ఆ రోజుల్లో ముందు పాయని రెండుగా తీసి పక్కకి మెలిపెట్టి చెవిపైన పిన్ను పెట్టండి, లేదా పక్కపాపిట తీసి సన్నగా పాయజడ అల్లి పెద్ద జడలో కలిపేయండి. నున్నగా కూర్చోవాలని బిగించి మాత్రం లాగొద్దు. కొత్తగా పెరుగుతున్న జుట్టు అది.