చక్రవర్తి కోటలో సామాన్యుల కాపురం

క్రొయేషియాలో, మధ్యధరా సముద్రంలో భాగమైన ఏడ్రియాటిక్ తీరాన స్ప్లిట్ నగరం ఉంది. సాధారణ కుటుంబంలో పుట్టి రోమన్ చక్రవర్తి అయిన డయోక్లీషియన్, క్రీ.శ. 305లో పదవి వదిలి, ఇక్కడ కట్టించుకున్న కోటలో స్థిరపడ్డాడు. గైడ్ వెంట నడిచేవారికి ఆ కోట ఇలా కనిపిస్తుంది.

సముద్రం వైపు ద్వారం దాటగానే నేలమాళిగలు. పైన కాపురమున్నవాళ్లు శతాబ్దాలపాటు చెత్త పోయడంతో అవి పూడిపోయి, చెడకుండా మిగిలాయి. పైనున్న రాజు గదులు చాలావరకు పోయినా, వాటి ఆకారం ఈ మాళిగలను బట్టే తెలిసింది.

మెట్లెక్కితే రాతి స్తంభాల ముంగిలి. కుడివైపు డయోక్లీషియన్ సమాధి మందిరం. ఆయన క్రైస్తవులను హింసించాడు. ఆ హింసలో ప్రాణం పోగొట్టుకున్న బిషప్ డోమ్నియస్ పేరుతోనే ఇప్పుడు ఆ మందిరం చర్చిగా నిలిచింది.

7వ శతాబ్దంలో దగ్గర్లోని సలోనా నగరం దాడుల్లో నాశనమైంది. నిలువనీడ లేని జనం ఈ గోడల మధ్యకు చేరారు. గదులు ఇళ్లయ్యాయి, దారులు వీధులయ్యాయి. నేటికీ అక్కడ కుటుంబాలున్నాయి. యునెస్కో 1979లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉత్తరాన బంగారు ద్వారం దాటితే కోట నడక పూర్తవుతుంది. సలోనాలో జనం వెళ్లిపోయాక శిథిలాలే మిగిలాయి. ఇక్కడ జనం ఉన్నందువల్లే కోట ఊరైంది. కాబట్టి ఏ కోట గురించి చదివినా, కట్టించిన రాజు పేరు దగ్గరే ఆగిపోకండి. ఆ తర్వాత అక్కడ ఎవరు బతికారో కూడా అడగండి. మనలాంటివాళ్ల చరిత్ర ఆ ప్రశ్నకు జవాబులోనే దొరుకుతుంది.