పరిశ్రమలలోని కెమెరాల కటకాలు - శుభ్రపరచుటలో పాటించవలసిన జాగ్రత్తలు

ఔషధ పరిశ్రమలలో మాత్రల స్ట్రిప్పులు తయారుచేసే యంత్రాలపై తనిఖీ కెమెరాలను అమర్చుతున్నారు. జీడిమెట్ల, పోలేపల్లి వంటి పారిశ్రామిక ప్రాంతాలలో పనిచేసే సాంకేతిక సిబ్బందికి ఇవి సుపరిచితమే. స్ట్రిప్పులోని ప్రతి గుంటలో మాత్ర ఉన్నదీ లేనిదీ, అది విరిగినదీ లేనిదీ ఈ కెమెరా తీసిన చిత్రం ఆధారంగానే నిర్ణయమవుతుంది. కటకంపై మాత్రల పొడి పేరుకొని చిత్రం మసకబారినప్పుడు మంచి స్ట్రిప్పులు తిరస్కరణకు గురికావచ్చు. అంతకన్నా ప్రమాదకరంగా, లోపమున్న స్ట్రిప్పు రోగి చేతికి చేరవచ్చు.

అయితే కటకానికి శాశ్వత నష్టం కలిగేది ఎక్కువగా ధూళి వల్ల కాదు, దానిని తుడిచే విధానం వల్లనే. పూత లేని గాజు తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనుకకు పరావర్తనం చేస్తుంది. దీనిని తగ్గించేందుకు కటకంపై మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి పదార్థాలతో పలుచని పూత వేస్తారు. ఒక పొర మందం సుమారు 100 నానోమీటర్లు మాత్రమే. గాలిలోని ఇసుక రేణువులు మామూలు గాజు కన్నా గట్టివి. చొక్కా అంచుతోనో, చేతిరుమాలుతోనో పొడిగా రుద్దినచో ఆ రేణువులే పూతను గీస్తాయి. ఆ గీతలను తొలగించుట సాధ్యం కాదు.

కావున ముందుగా మచ్చ ఎక్కడ ఉన్నదో గుర్తించవలెను. తెల్ల కాగితాన్ని చిత్రీకరిస్తూ కటకాన్ని మెల్లగా తిప్పినప్పుడు మచ్చ కూడా కదిలితే ధూళి కటకంపై ఉన్నట్లు. కదలక, చిన్నదిగా, స్పష్టంగా నిలిచి ఉంటే అది సెన్సార్ ముందున్న గాజుపై ఉన్నట్లు. సెన్సార్ వైపు పనిని శిక్షణ పొందిన వారికే అప్పగించుట మేలు.

శుభ్రపరచే ముందు యంత్రాన్ని నిలిపి, విద్యుత్తును, పీడన వాయువును తొలగించి, స్విచ్చుకు తాళం వేయవలెను. తాళంచెవి పని చేసే వ్యక్తి వద్దనే ఉండవలెను. కెమెరా కోసం చేయి పెట్టే చోటనే స్ట్రిప్పులను అతికించే వేడి పలకలు ఉండవచ్చు. అవి చల్లారే వరకు వేచియుండుట తప్పనిసరి. తుడిచేందుకు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సుమారు 12 డిగ్రీల సెల్సియస్ వద్దనే అంటుకోగల ఆవిరిని విడుదల చేస్తుంది. మన వేసవిలో ఏ గది ఉష్ణోగ్రత అయినా అంతకు మించినదే.

మొదట రబ్బరు బల్బుతో గాలి ఊది పొడిని తొలగించవలెను. కర్మాగారపు గాలి గొట్టాన్ని వాడరాదు. అందులోని నూనె తుంపరలు, తేమ కటకంపై పడతాయి. జిడ్డు మిగిలినచో కటకాల కాగితాన్ని ఒకటి రెండు చుక్కల ఆల్కహాల్‌తో తడిపి, మధ్య నుండి అంచుకు వలయాకారంగా, ఒత్తిడి లేకుండా తుడవవలెను. ద్రవాన్ని కటకంపై నేరుగా పోయరాదు; అది అంచుల గుండా లోపలికి చేరుతుంది. ఒకసారి వాడిన కాగితాన్ని తిరిగి వాడరాదు. ప్లాస్టిక్ భాగాలను దెబ్బతీసే అసిటోన్‌ను దూరంగా ఉంచవలెను.

ఫోకస్, కాంతి ద్వారం వలయాలను బిగించిన మరలను కదపరాదు. మురికి పేరుకున్న రోజుల్లో ఎవరైనా దీపపు కాంతిని పెంచి సర్దుబాటు చేసి ఉండవచ్చు. అట్టి సందర్భంలో శుభ్రపరచిన తరువాత చిత్రం అతి ప్రకాశవంతమై, విరిగిన మాత్ర కూడా మంచిదిగా కనిపించే అవకాశమున్నది. అందుచేత లోపాలున్నట్లు ముందే తెలిసిన నమూనా స్ట్రిప్పులను నడిపి, కెమెరా వాటన్నింటినీ తిరస్కరించినదని నిర్ధారించుకొని, ఫలితాన్ని రిజిస్టరులో నమోదు చేసిన పిమ్మటనే ఉత్పత్తిని పునఃప్రారంభించవలెను.