స్పోర్ట్స్ బైక్ చూస్తున్నారా... ‘ఎందుకిలా?’ అని అడగండి!

పార్కింగ్‌లో కొత్త స్పోర్ట్స్ బైక్ కనిపిస్తే చాలు, చుట్టూ మూగిపోతాం. ‘టాప్ స్పీడ్ ఎంత? మైలేజీ ఎంతిస్తుంది?’ ఇవే ప్రశ్నలు. ఆటోమొబైల్ రంగంలో కొలువు కోరుకునేవారు మాత్రం ఇంకోటి అడగాలి: ‘దీన్ని ఇలాగే ఎందుకు తయారుచేశారు?’

టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310నే తీసుకోండి. బీఎండబ్ల్యూ మోటరాడ్‌తో టీవీఎస్ 2013లో చేసుకున్న ఒప్పందంలోంచి వచ్చిన బండి ఇది. 2017 డిసెంబరులో విడుదలైంది.

తిరగేసిన ఇంజిన్: 312.2 సీసీ, సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూల్డ్. మామూలు బైకుల్లో పొగగొట్టం ఇంజిన్ ముందువైపు నుంచి మొదలవుతుంది. ఇందులో వెనక నుంచి! సిలిండర్ వెనక్కి వాలి ఉంటుంది. దాంతో బరువు ముందు చక్రం వైపు జరిగింది, వెనక పొడవాటి స్వింగ్ ఆర్మ్‌కు చోటు దొరికింది. అయినా వీల్‌బేస్ 1365 మిల్లీమీటర్లే. చక్రాల మధ్య దూరం తక్కువైతే బండి చురుగ్గా తిరుగుతుంది. స్వింగ్ ఆర్మ్ పొడవైతే నిలకడగా ఉంటుంది. మామూలుగా ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి. ఇక్కడ రెండూ కుదిరాయి.

ఫెయిరింగ్, హ్యాండిల్: ముందున్న తొడుగు గాలిని పక్కలకు మళ్లిస్తుంది. కిందకు దించిన హ్యాండిల్ వల్ల రైడర్ ముందుకు వంగుతాడు, వేగంలో గాలి తాకిడి తగ్గుతుంది. అయితే ట్రాఫిక్‌లో మణికట్లపై భారం పడుతుంది. డిజైన్‌లో ఏదీ ఉచితంగా రాదు మరి!

ఎలక్ట్రానిక్స్: 2020 మోడల్‌లో రైడ్-బై-వైర్ వచ్చింది. యాక్సిలరేటర్‌కు తీగ ఉండదు, సెన్సర్ చెప్పింది విని కంప్యూటరే థ్రాటిల్ తెరుస్తుంది. రెయిన్, అర్బన్, స్పోర్ట్, ట్రాక్ మోడ్‌లు సాధ్యమైంది అందుకే. అంటే ఈ రంగం మెకానికల్ వాళ్లది మాత్రమే కాదు, ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ వాళ్లకూ పని ఉంది.

మీరేం చేయాలి?

- మీ ఇంట్లోని 100 సీసీ బండినీ, ఒక స్పోర్ట్స్ బైక్‌నూ పక్కపక్కన పోల్చండి. అయిదు తేడాలు, వాటికి కారణాలు ఒక పేజీలో రాయండి.
- ఇంజినీరింగ్ విద్యార్థులైతే బాహా, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా పోటీల్లో మీ కాలేజీ జట్టుతో చేరండి.
- బొమ్మలు గీయడం ఇష్టమా? ఐఐటీల్లో ఎండిజైన్‌కు సీడ్, ఎన్ఐడీకి డాట్ పరీక్షలున్నాయి. సీడ్‌ను డిగ్రీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు.

‘నాకు బైకులంటే ప్రాణం సర్’ అని ఇంటర్వ్యూలో చాలామంది చెబుతారు. ‘ఆ ఇంజిన్ ఎందుకు తిరగేశారో చెప్పనా సర్?’ అనేవాళ్లు కొందరే. ఆ కొందరిలో మీరుండండి.