తిరిగొచ్చిన రక్తం తెచ్చే ముప్పు

మీ బొటనవేలి గోటిని రెండో చేతి వేలితో గట్టిగా నొక్కి చూడండి. గోరు కింద తెల్లబడుతుంది కదూ? వదలగానే మళ్ళీ ఎర్రబడుతుంది. ఆగిన రక్తం తిరిగి వచ్చిందన్నమాట. రెండు క్షణాలే కాబట్టి హాని లేదు. అదే గంటల తరబడి ఆగితే?

అలా ఆపక తప్పని సందర్భాలున్నాయి. పొట్టలోకి దిగే బృహద్ధమని కొందరిలో బుడగలా ఉబ్బుతుంది. అది పగిలిందా, ప్రాణానికే అపాయం. అందుకని వైద్యులు ఉబ్బుకు పైన ధమనిని క్లాంపుతో బిగించి, ఆ చోట పాలియెస్టరు గొట్టం కుడతారు. (రక్తనాళాలను కుట్టే పద్ధతిని తీర్చిదిద్దిన అలెక్సిస్ కారెల్‌కు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది.) కుట్టు పూర్తయ్యేదాకా కాళ్ళకు రక్తం సరిగా అందదు. కాలి ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడినప్పుడైతే, రోగి ఆసుపత్రికి చేరేసరికే చాలా గంటలు గడిచిపోవచ్చు.

రక్తం లేకుండా మెదడు కొద్ది నిమిషాలే తాళగలదు. కాలి కండరాలు నాలుగైదు గంటలు ఓర్చుకుంటాయి. ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజును విరగ్గొట్టి కాస్త శక్తి సంపాదించుకుంటాయి. కాని లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కణాల్లో ఉండవలసిన పొటాషియం బయటికి కారుతుంది.

క్లాంపు తీయగానే గండం గడిచిందనుకుంటున్నారా? రెండో దెబ్బ తగిలేది అప్పుడే. ఎండిన పొలానికి ఒక్కసారిగా నీరు వదిలితే గట్లు తెగినట్టన్నమాట. అయితే ఇక్కడ చెరుపు చేసేది రక్తపు వేగం కాదు, అది మోసుకొచ్చే ఆక్సిజనే!

కణాలలోని మైటోకాండ్రియాల్లో, రక్తం ఆగిన సమయాన సక్సినేట్ అనే పదార్థం పోగుపడుతుందని 2014లో ఎలుకలపై చేసిన పరిశోధనలో తేలింది. ఆక్సిజన్ రాగానే అది గబగబా ఖర్చవుతుంది. ఆ హడావుడిలో కొంత ఆక్సిజన్ నీరుగా మారక, సూపరాక్సైడ్‌గా మారి కణాల పొరలను దెబ్బతీస్తుంది. గాయపడిన చోటికి తెల్ల రక్తకణాలు వచ్చి సన్నని నాళాలకు అడ్డుపడతాయి. నాళాల నుంచి నీరు ఊరి కండరం వాస్తుంది. కండరం చుట్టూ ఉన్న బిగుతు పొర సాగదు కాబట్టి, వాపు లోపలి నాళాలనే నొక్కేస్తుంది. అప్పుడా పొరను నిలువునా కోసి వదిలితేనే కాలు దక్కుతుంది.

ఇంతలో పేరుకున్న ఆమ్లమూ పొటాషియమూ రక్తంతో గుండెకు చేరతాయి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అందుకే శస్త్రవైద్యుడు మత్తు వైద్యుడికి ముందుగా చెప్పి, క్లాంపును కొద్దికొద్దిగా వదులుతాడు.

1986లో అమెరికా పరిశోధకులు కుక్కల గుండె ధమనిని ముందుగా 5 నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచారు. తరువాత 40 నిమిషాలు మూసినా, చచ్చిపోయిన కండరం మామూలుగా చచ్చేదానిలో నాలుగో వంతే! ఆ స్ఫూర్తితో గుండె ఆపరేషనుకు ముందు రోగుల చేతికి పట్టీ బిగించి, వదిలి చూశారు. 2015లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో దానివల్ల మేలేమీ కనిపించలేదు.