చిన్నోడి వాటా ఎవరి చేతిలో?

పంపకాల రోజున బయటపడే గొడవ నిజానికి ఇరవయ్యేళ్ల కిందటే మొదలై ఉంటుంది... ఇంట్లో వైకల్యమున్న బిడ్డ ఉంటే మరీనూ!

గండికోట దగ్గర పెన్నానది మీద కట్టిన జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో అందులో నీళ్లు నింపుతుంటే కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు వాళ్లు ఇళ్లు వదలాల్సి వచ్చింది. పరిహారం సంగతి తేల్చమని ఆందోళనలూ చేశారు. వానను నమ్ముకుని బతికే సీమలో పెద్దమొత్తం ఒక్కసారిగా ఖాతాలో పడితే, అన్నేళ్లూ ఎవరూ నోరెత్తని లెక్కలు బయటికొస్తాయి.

ఒక ఇల్లు ఊహించుకోండి. ముగ్గురు బిడ్డలు. చిన్నోడికి పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ. ఆస్పత్రుల చుట్టూ తిరగడానికే ఎకరం అమ్మేశారు. పెద్దోడి చదువు ఇంటర్‌తో ఆగింది. ‘నా ఫీజుకు లేని దుడ్డు వానికి యాడినుంచి వచ్చె నాయనా?’ అన్న మాట వాడి గొంతులోనే ఉండిపోయింది. కూతురి బాధ వేరు. పురుడు పోయడానికి అమ్మ రాలేకపోయింది... చిన్నోణ్ని వదిలి ఎట్లా వస్తుంది? ఇక ఆ తల్లిని అడిగితే ఒకటే జవాబు, ‘మేం పోయినాక వానికి దిక్కెవరు?’

ముగ్గురి మాటా నిజమే. అమ్మానాన్నలు ఎక్కువ అవసరమున్న బిడ్డకు ఎక్కువ పెట్టడం అన్యాయం కాదు. కానీ ఎంత పెట్టారో, ఎందుకు పెట్టారో మిగతా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పకపోవడమే చిక్కంతా.

పాత శాస్త్రం, కొత్త చట్టం

పాత హిందూ ధర్మశాస్త్రం కొన్ని వైకల్యాలున్న వారికి వారసత్వమే లేదంది. 1928 నాటి చట్టం ఆ అడ్డంకుల్ని చాలావరకు తీసేసింది. 1956 వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ ఇంకా స్పష్టం. జబ్బు, అవిటితనం కారణంగా ఎవరికీ ఆస్తి కాదనడానికి లేదు. అయినా రచ్చబండ దగ్గర ‘వానికెందుకప్పా భూమి, తిండి పెడితే చాలదా’ అనేవాళ్లు ఇప్పటికీ తగులుతారు.

2013 భూసేకరణ చట్టమైతే పునరావాసం విషయంలో పెద్దవాళ్లయిన ఆడామగా ఎవరినైనా, పెళ్లి కాకపోయినా, విడి కుటుంబంగానే లెక్కిస్తుంది. అంటే మంచం మీదున్న పాతికేళ్ల చిన్నోడూ ఒక కుటుంబమే! మరి ఆ సొమ్ము ఎవరి చేతిలో ఉంటుంది?

పింఛను సంగతీ ఇంతే. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులైలో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. చిన్నోడి పేరున వచ్చే ఆ ఆరువేలు ఇంటి సరుకుల్లో కలిసిపోతే, రేపు ‘వాణ్ని నేను సాకుతున్నా’ అని అన్న అంటాడు, ‘వాడి డబ్బు నువ్వు తింటున్నావు’ అని చెల్లెలు అంటుంది. వాడికి స్నానం చేయించే వదిన మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

‘పెద్దోడు చూసుకుంటాడులే’

చాలా ఇళ్లలో వీలునామా అంటే ఈ ఒక్క మాటే. పని చేసుకోలేని బిడ్డ పెద్దవాడైనా పోషించాల్సిన బాధ్యతను చట్టం తల్లిదండ్రుల మీద పెట్టింది, అన్నదమ్ముల మీద కాదు. తమ్ముణ్ని చూస్తాడన్న నమ్మకంతో పొలమంతా పెద్దోడికి రాసిచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వయోవృద్ధుల చట్టం కింద దానపత్రం రద్దు కావాలన్నా, రాసిచ్చిన పెద్దల్ని చూసుకోవాలనే షరతు తప్పి ఉండాలి. తమ్ముడికి అన్నం పెట్టలేదన్న ఫిర్యాదుకు అది వర్తించదు. అందుకే చిన్నోడి వాటా చిన్నోడి పేరునే ఉంచడం, లేదా ట్రస్టుగా రాసి ఇద్దరు మనుషుల్ని పెట్టడం మేలు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఇంకో దారి చూపుతుంది. కలెక్టరు స్థాయి అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యమున్న మరొకరు ఉండే జిల్లా కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. తల్లిదండ్రులు బతికుండగానే దరఖాస్తు చేసుకోవచ్చు. సంరక్షకుడు పెద్దోడే కావచ్చు. కాకపోతే ఆరు నెలల్లో తమ్ముడి ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి, ఏటా జమాఖర్చులు చూపించాలి. కూతురు అడిగినా చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.