మీకు తెలుసా? 171 ఓట్లతో మొదలైన మంత్రి ప్రస్థానం

హైటెక్ సిటీ రూపురేఖల్లో తన ముద్ర వేసిన కల్వకుంట్ల తారక రామారావు (కేటీఆర్) 2009లో సిరిసిల్ల నుంచి తొలిసారి గెలిచింది కేవలం 171 ఓట్ల తేడాతో! అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చి తెలంగాణ ఉద్యమంలోకి దిగిన కేటీఆర్, 2014లో కొత్త రాష్ట్రానికి తొలి ఐటీ మంత్రి అయ్యారు.

మరుసటి ఏడాది నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో గవర్నర్ నరసింహన్, రతన్ టాటా సమక్షంలో, అంకుర సంస్థలకు తోడ్పడే టీ-హబ్ మొదలైంది. కేటీఆర్ హయాంలో జరిగినవాటిలో అన్నిటికన్నా మేలైనది ఇదేనని నా అభిప్రాయం. బుర్ర నిండా ఆలోచనలున్నా ఆఫీసు అద్దెకు డబ్బుల్లేని కుర్రాళ్లకు కూర్చోవడానికి ఒక చోటు, సలహా చెప్పే పెద్దలు దొరికారు. 2022లో అది రాయదుర్గంలో 5 లక్షల చదరపు అడుగులు దాటిన సొంత భవనానికి మారింది.

స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా మన దేశంలో తొలి దుకాణం తెరిచిందీ కేటీఆర్ హయాంలోనే, హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టు 9న. వాళ్ల పేరుమోసిన మీట్‌బాల్స్‌ను ఇక్కడి దుకాణంలోని రెస్టారెంట్‌లో చికెన్‌తో వండారు, పక్కనే బిర్యానీ కూడా పెట్టారు!

అప్పట్లో ఐటీతోపాటు జౌళి శాఖ కూడా కేటీఆర్ చేతిలోనే ఉండేది. సిరిసిల్ల మరమగ్గాల ఊరు కదా, 2017 నుంచి ప్రభుత్వం పంచే బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడికి వెళ్లాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఐటీ శాఖ మంథని ఎమ్మెల్యే దుద్దిళ్ల శ్రీధర్‌బాబుకు దక్కింది.