గొర్రెలు మేస్తేనే బతికే సీతాకోకచిలుక

ప్రకృతిని కాపాడటమంటే కంచె వేసి వదిలేయడమే అనుకుంటారు చాలామంది. కానీ దక్షిణ ఇంగ్లండ్‌లోని సుద్దనేల పచ్చికబయళ్లను అలా వదిలేస్తే అసలుకే మోసం వస్తుంది.

హాంప్‌షైర్ కౌంటీ అంచున ఉన్న మార్టిన్ డౌన్ అలాంటి రక్షిత ప్రాంతమే. విస్తీర్ణం సుమారు 340 హెక్టార్లు, అంటే దాదాపు 840 ఎకరాలు. ఇక్కడ పైన పలుచటి మట్టి, కింద సుద్దరాయి. కోట్ల ఏళ్ల క్రితం సముద్రంలో బతికిన అతిసూక్ష్మ జీవుల పెంకులు అడుగున పేరుకుని ఈ సుద్ద ఏర్పడింది. నీరు నిలవదు, సారమూ తక్కువే.

సారం లేని నేలలో ఏం పెరుగుతాయిలే అనిపిస్తుంది. నిజానికి మేలు జరిగేది అక్కడే. నేల బలంగా ఉంటే ఏపుగా పెరిగే ఒకటి రెండు రకాల గడ్డే అంతా ఆక్రమిస్తుంది. ఇక్కడ ఏ మొక్కకూ ఆ పెత్తనం సాగదు. అందుకే మంచి సుద్ద పచ్చికలో ఒక్క చదరపు మీటరులోనే 40 దాకా మొక్కల జాతులు కనిపిస్తాయి.

వాటిలో హార్స్‌షూ వెచ్ ఒకటి. అడోనిస్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక గొంగళిపురుగు తినేది ఈ ఒక్క మొక్క ఆకులనే. పురుగు ఒంటి నుంచి తియ్యటి ద్రవం వస్తుంది. దానికోసం చీమలు చుట్టూ చేరి, శత్రువుల నుంచి దాన్ని కాపాడతాయి. ఇదంతా సాగాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి, నేలకు ఎండ తగలాలి. గడ్డిని పొట్టిగా ఉంచేవి గొర్రెలు, కుందేళ్లు.

1953లో బ్రిటన్‌లోకి వచ్చిన మిక్సోమటోసిస్ వ్యాధితో కుందేళ్లు గుంపులు గుంపులుగా చనిపోయాయి. మందలు మేయని చోట్ల గడ్డి, ముళ్లపొదలు పెరిగి నేలకు నీడ కమ్మింది. నీలి సీతాకోకచిలుక ఎన్నో చోట్ల కనుమరుగైంది. మరోపక్క రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి పంటల కోసం దున్ని, ఎరువులు వేయడంతో ఇలాంటి పచ్చికబయళ్లు చాలావరకు పోయాయి. ఒకసారి ఎరువు పడ్డ నేల మళ్లీ పాత స్థితికి రావాలంటే దశాబ్దాలు పడుతుంది.

అందుకే ఇలాంటి చోట్ల ఇప్పుడు లెక్క ప్రకారం గొర్రెలను మేపుతున్నారు, పొదలు కొట్టిస్తున్నారు. అలాగని మేత మితిమీరితే పూలు మిగలవు. కాబట్టి బయలంతా ఒకేసారి కాకుండా, ఒక్కో భాగాన్ని ఒక్కో కాలంలో మేతకు వదులుతారు. ఇక్కడ రక్షణ అంటే ఏటా చేయాల్సిన పనే.